పండుగ దాకా కనరు భయం

నేను ముక్కుతో అన్నం సంపాదించుకున్నదాన్ని. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా ఆయన పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో పానా పట్టుకుని సంపాదిస్తే, నేను వాసన చూసి సంపాదించాను. అడవి సరుకు కొనే ఒక సంస్థలో ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం నాది. చింతపండు, తేనె, ఇప్పపలుకు, నూనె, ఏది వచ్చినా ముందు నా ముక్కు దగ్గరికి రావాల్సిందే. జలుబు చేస్తే సెలవు పెట్టాల్సిన ఉద్యోగం లోకంలో నాదొక్కటేనని మా ఆయన వెక్కిరించేవాడు.

ఈ మధ్య అలాంటి ఉద్యోగంలోనే కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. "మేడం, రిపోర్టులో ర్యాన్సిడ్ అని రాస్తం కదా, తెలుగుల ఏమంటరు?" అని అడిగింది. కనరు అన్నాను. ఎప్పుడూ వినలేదట. ఆ పిల్ల కోసమే ఇది రాయడం మొదలుపెట్టాను. మీలో ఆ మాట విననివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి మీరూ చదవండి.

మా పుట్టిల్లు కల్లూరు దగ్గర. మా అమ్మ నేతిగిన్నె మూత తీసి, ముక్కు ముడిచి, "కనరు వాసనొస్తోంది, దీపానికి తీసిపెట్టు" అనేది. పచ్చి అరటికాయ కోసినప్పుడు చేతికంటుకునే జిగురుకీ కనరే అనేది, కానీ ఆ కనరు వేరు, వండితే పోతుంది. నూనెకీ నేతికీ పట్టిన కనరు ఎంత కాచినా పోదు. డబ్బా అడుగున మరిచిపోయిన జంతికలు, పాతబడిన ఎండుకొబ్బరి, నిరుటి పల్లీలు, తలనూనె సీసా, అన్నిటికీ ఆమె దగ్గర ఆ ఒక్క మాటే ఉండేది. పాల్వంచలో మా పక్కింటావిడైతే "నూనె వాసనొస్తుంది" అని ఊరుకునేది. ఏ వాసనో చెప్పేది కాదు, చెప్పనక్కర్లేదు కూడా.

అలాగని కనరు పట్టినదాన్ని ఎవరూ పారబోసేవాళ్ళు కాదు. దీపంలోకి కొంత, కిర్రుమనే తలుపు బందులకు కొంత, ఎడ్లబండి ఇరుసుకు కొంత పోయేది. మిగిలింది సబ్బులు కాచేవాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. మా అమ్మ లెక్కలో కనరు అంటే చావు కాదు, బదిలీ. వంటింట్లోంచి వాకిట్లోకి బదిలీ అంతే.

ఇంత సరదాగా చెబుతున్నాను గానీ, ఒక వానాకాలమంతా ఆ మాటే నన్ను భయపెట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నన్ను భద్రాచలం డిపోకు వేశారు. పాల్వంచ క్వార్టర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, గోదావరి వంతెన దాటి పోయేదాన్ని. అక్కణ్ణుంచి పని ఉన్న రోజున సంస్థ జీపులో లోపలి ఊళ్ళకు తిరగాలి. ఆ ఊళ్ళలో ఒక కోయ గూడెం ఉండేది. తారురోడ్డు దిగి, ఒక వాగు దాటి, ఇప్పచెట్ల మధ్య నుంచి చాలాసేపు పోతే వచ్చేది. అప్పటికి సెల్‌ఫోను సిగ్నల్ వంతెన దగ్గరే ఆగిపోయేది.

ఆ గూడెం ఆడవాళ్ళు తరతరాలుగా ఇప్పనూనె తీసుకుని తింటున్నవాళ్ళు. వేసవి చివర ఇప్పకాయలు రాలితే ఏరి, కొట్టి, పలుకులు ఎండబెట్టి, ఉడికించి, రెండు దుంగల మధ్య పెట్టి నొక్కేవాళ్ళు. నడుములు విరిగే పని అది. ఆ ఏడు మా సంస్థ వాళ్ళకు నూనె తీసే మిషన్ ఒకటి ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. తొలి నూనె బాగుంటే, గిరిజన పిల్లల హాస్టళ్ళ వంటకు పనికొస్తే, మిషన్ అక్కడే ఉంటుంది. కనరు పట్టిన నూనె వచ్చిందంటే పలుకులు ఎండబెట్టడం వీళ్ళకు చేతకాలేదని లెక్క. అప్పుడు మిషన్ పీకి ఇంకో ఊరికి ఇస్తారు. అడిగే ఊళ్ళు చాలానే ఉన్నాయి.

ఆ ఆడవాళ్ళ గుంపుకు పెద్ద ఒకావిడ ఉండేది. నాకంటే కొద్దిగా పెద్దది, మాట పొదుపు. దుంగల కింద చెయ్యి నలిగి ఎడమచేతి రెండు వేళ్ళు సరిగా ముడుచుకునేవి కావు. మిషన్ వచ్చిన రోజున ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఆ చేతితోనే దాన్ని నిమిరింది. "ఇగ మా కోడండ్ల చేతులు బతుకుతయి మేడం" అంది. అందుకే ఆ మిషన్ అక్కడ నిలవాలని నాకు అంత పట్టుదల.

తొలి నూనె తీశారని కబురొచ్చాక ఖమ్మం నుంచి మా పెద్దసారు వచ్చాడు. మంచివాడే, కానీ మొండి. ఎప్పుడో ఒక వ్యాపారి కల్తీ నూనె అంటగట్టిన దగ్గర్నుంచి ఆయనకు ఒక నియమం ఉండేది. తినే సరుకు ఏదైనా సరే, అమ్మేవాళ్ళు ముందు తమ నాలుక మీద వేసుకోవాలి. ఆ తరవాతే మేం ముట్టుకోవాలి. మా డిపోలో తేనెపట్టు కొట్టేవాళ్ళ దగ్గర్నుంచి కిరాణా సేటుల దాకా అందరికీ అది అలవాటైపోయింది.

గూడెంలో చాప వేశారు. డబ్బాలు వరసగా పెట్టారు. పెద్దసారు ఒక డబ్బా మూత తీయించి, చెంచాడు నూనె తీసి ఆవిడకు చాపాడు. "వేసుకో అమ్మా" అన్నాడు.

ఆవిడ చెయ్యి చాపలేదు. వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసింది. వాళ్ళూ కదల్లేదు.

"మా పండుగ కాలే సార్" అంది ఆవిడ. "కొత్త నూనెతోటి ముందుగాల అమ్మవారికి దీపం పెట్టాలె. గప్పటిదాంక మేం నోట్ల పెట్టుకోం."

"ఒక్క చుక్కే కదా!"

"చుక్కైనా అంతే సార్."

పెద్దసారు చెంచా నావైపు తిప్పి, "చూసినవా మేడం?" అన్నాడు. "ఇరవై ఏండ్ల సంది సరుకు కొంటున్న. నాలిక మీద పెట్టుకోనోడు చెప్పే సాకులు ఎన్ని ఇన్ననో. చేసినోళ్ళే నోట్ల పెట్టకపోతే, హాస్టల్ పిల్లలకు నేనెట్ల పెట్టాలె?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అదే నా ఇబ్బంది. నేను నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది చూశాను. ఇప్పనూనెకు పుట్టుకతోనే ఒక ఘాటు ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు దాన్నే కనరనుకుంటారు. ఆ ఘాటు వెనక వేరే ఏమీ నాకు తగల్లేదు. "బాగానే ఉంది సార్" అన్నాను. ఆయన కూడా వాసన చూశాడు, దగ్గాడు, తల అడ్డంగా ఊపాడు. ఇప్పనూనెతో ఆయనకదే తొలి పరిచయం.

"పండుగ ఎప్పుడక్కా?" అని అడిగాను.

"పూజారి చెప్పాలె. ఆయనింట్ల చావైంది. మైల పోయినంక దినం సూస్తడు."

పెద్దసారును జీపు దగ్గరికి తీసుకెళ్ళి బతిమాలాను. దేవుడికి పెట్టే పువ్వును మనం వాసన చూడం కదా, వీళ్ళకీ అలాంటిదే, పండుగ దాకా ఆగండి అన్నాను. జీపు టైరును చెప్పుతో రెండుసార్లు తన్నాడాయన. చివరికి "సరే, ఆగుత" అన్నాడు. "గాని పండుగ నాడు నేనే వస్త. గాళ్ళు తిన్నంక నేను తింట. కనరున్నదనుకో, మిషన్ గదే దినం బండెక్కుతది. నువ్వు మళ్ళ ఏడ్వద్దు."

ఆ రోజు సంతోషంగానే ఇంటికొచ్చాను. చేతిలో చిన్న గాజుసీసాలో అదే నూనె కొంచెం. ఈ తడి కాలంలో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో కనిపెట్టుకుని ఉండాలని తెచ్చుకున్నాను. వంటింటి కిటికీలో పెట్టాను.

అసలు భయం అక్కడ మొదలైంది. పూజారి మైల తీరిందనుకుంటే వాన పట్టుకుంది. వాన తగ్గిందనుకుంటే వాగు పొంగింది. అమ్మవారి గద్దె గూడేనికి వాగు అవతల, రోడ్డు వైపు ఒడ్డున ఉంది కాబట్టి నీళ్ళు తగ్గందే పండుగ లేదు. గోదావరి ఎర్రగా వంతెన కింద ఉరుకుతుంటే బస్సులో కూర్చుని దాన్ని తిట్టుకునేదాన్ని. ఏ నూనెకైనా ఆయుష్షు ఉంటుంది. వాళ్ళ కొత్తల పండుగ వెనక్కి జరిగే కొద్దీ, ఆ డబ్బాల్లో నూనె ముసలిదవుతోంది.

పొద్దున లేవగానే సీసా మూత తీసి వాసన చూసేదాన్ని. ఒక చుక్క అరచేతిలో రుద్దుకునేదాన్ని. డ్యూటీకి పోయేముందు ఇంకోసారి. సాయంత్రం చెప్పులు విప్పుతూనే మరోసారి.

"పొద్దుగాల లేస్తే ఎవలైనా దేవుని మొఖం సూస్తరు" అనేవాడు మా ఆయన, షిఫ్టు నుంచి వచ్చి చాయ్ తాగుతూ. "నువ్వేంది, సీసా మూతి సూస్తున్నవ్?"

"కనరు పట్టిందేమోనని."

"పట్టలేదు కదా?"

"ఇంకా లేదు."

"మరింకేంది?"

"రేపు పట్టొచ్చు కదా!"

ఆయన గ్లాసు పెట్టేసి పడుకోవడానికి వెళ్ళిపోయేవాడు. మా ఇద్దరికీ ఆ నెలల్లో జరిగిన సంభాషణ దాదాపు ఇంతే. ఆయన చేతికి అంటిన గ్రీజు వాసన కూడా నాకు కనరులా అనిపించేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ పప్పులో పోపు కూడా కనరంటే, "ఇగ నీ ముక్కుకే కనరు పట్టింది" అన్నాడు. నాకు కోపమొచ్చింది గానీ, నిజంగా పట్టిందేమోనని లోపల భయమూ వేసింది.

ఒక పొద్దున సీసా మూత తీశాను. సందేహం లేకుండా కొట్టింది. అమ్మ నేతిగిన్నె దగ్గర ముక్కు ముడిచే వాసన. చుక్క నాలుక మీద వేసుకుంటే గొంతులో గీరినట్టయింది. మా ఆయన్ను లేపి వాసన చూపించాను. నిద్రకళ్ళతోనే మొహం తిప్పుకున్నాడు. ఈసారి వెక్కిరించలేదు. "పోయి ఆయమ్మకు జెప్పు, జల్దీ" అన్నాడు.

వాగు అప్పటికి నడుం లోతుకు తగ్గింది. డ్రైవర్ను జీపుతో రోడ్డు మీదే ఉండమని చెప్పి, అవతలి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళ చేతులు పట్టుకుని దాటాను. గూడెం చేరేసరికి ఆవిడ ఇంటి ముందు కూర్చుని చాటలో గింజలు చెరుగుతోంది.

నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. "అక్కా, నా సీసాలో నూనె పాడైంది. మీ డబ్బాల్లోదీ అదే నూనె. ఇప్పుడే ఒకసారి మూత తీసి చూద్దాం. పాడైతే అది సబ్బులకు పంపేద్దాం. మీ దగ్గర ఎండు పలుకులు ఇంకా ఉన్నాయి కదా, సారు వచ్చేలోపు తాజాగా తీసేయొచ్చు. ఆ నూనెతోనే పండుగ చేసుకోవచ్చు. మిషన్ దక్కుతుంది."

మంచి ఉపాయమే చెప్పాననుకున్నాను. ఇప్పటికీ అది మంచి ఉపాయమే అంటాను.

ఆవిడ చాట పక్కన పెట్టింది. "అమ్మవారికని మూత పెట్టినం మేడం. దీపం కాకుండ తియ్యరాదు."

"నాలుక మీద పెట్టొద్దులే. వాసన చూస్తే చాలు. నేను చూస్తాను, మీరు దూరంగా ఉండండి."

"మీరు సూసినా గదే కదా. అమ్మకంటె ముందు ఇంకోలు సూసినట్టే కదా."

"మొన్న సారు ముందు తీశారుగా?"

"గా డబ్బ ఎంగిలైంది. పక్కకు పెట్టినం. అది మీదే, మీరు తీస్కపోవచ్చు. మిగిలినయి అమ్మవారియి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మిషన్ పోతుందక్కా" అన్నాను గట్టిగా. "ఈ చేతులతో మళ్ళీ దుంగలు నొక్కుతారా?"

ఆవిడ తన ఎడమచేతి వైపు చూసుకుంది. తరవాత లేచి లోపలికి పోయి, నాకు ఒక గ్లాసు జావ తెచ్చింది. "తాగున్రి. తడిసి వచ్చిండ్రు" అంది. అదే ఆవిడ జవాబు. జావ తాగి, మళ్ళీ వాగు దాటి వచ్చేశాను. దారంతా ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇంత మొండితనం పెద్దసారుకే ఉందనుకున్నాను, ఆయన్ను మించింది ఈవిడ.

పెద్దసారుకు సీసా సంగతి చెప్పాలా వద్దా అని ఊగిసలాడాను. చివరికి చెప్పేశాను. ఆయన ఫోనులో "ఊఁ" అన్నాడు. "పండుగకు లారీ గూడ తెస్త మరి" అన్నాడు.

లారీ తెచ్చాడు కూడా. పండుగ నాడు వాన లేదు. జీపు ముందు, ఖాళీ లారీ వెనక. ఆ ఖాళీ లారీ ఎందుకొస్తోందో గూడెం మొత్తానికి తెలుసు. వాగు ఒడ్డున గద్దె దగ్గర అలికి ముగ్గు పెట్టి ఉంది. డోలు మోగుతోంది. మా వైపు ఎవరూ కోపంగా చూడలేదు గానీ, పిలిచి కూర్చోమన్నప్పుడు ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

పూజారి డబ్బా మూత మీది మైనం గీకి తీశాడు. ఇప్పనూనె చల్లటి రోజుల్లో నెయ్యిలా పేరుకుంటుంది. కొంచెం గరిటెతో తీసి మట్టిప్రమిదలో వేసి, నిప్పు సెగకు కరిగించి, వత్తి ముట్టించాడు. దీపం నిలబడింది. అందరూ దండం పెట్టారు, నేనూ పెట్టాను. కానీ నా మనసు కుదుటపడలేదు. దీపానిదేముంది, కనరు నూనెతోనూ చక్కగా వెలుగుతుంది. మా అమ్మ ఆ నూనెను దీపానికే కదా తీసిపెట్టేది! నేను కూర్చున్నచోటికి వాసనేమన్నా వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాను. సాంబ్రాణి పొగ తప్ప ఏమీ తెలియలేదు.

కోయభాషలో పూజారి ఏవో మాటలు చెప్పి, ముందు ముసలివాళ్ళకు ఆకుల్లో అన్నం పెట్టించి, మీద నూనె వేయించాడు. ఒక ముసలాయన కలుపుకుని తిన్నాడు. పళ్ళు లేని నోరు, మొహంలో ఏమీ తెలియలేదు. తింటూనే ఉన్నాడు. తరవాత పూజారి ఆవిణ్ణి పిలిచాడు.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఆవిడ ఆకులోని అన్నం మీద కరిగిన నూనె పోయించుకుంది. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది.

నమలడం ఆపి, కళ్ళు మూసుకుంది.

తరవాత ఇంకో ముద్ద కలిపింది. అదీ తిన్నది. మూడో ముద్ద పెట్టుకునేసరికి ఆవిడ చెయ్యి గడగడ వణుకుతోంది. ఉన్నట్టుండి కూలబడిపోయి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కనున్న ఆడవాళ్ళు ఆవిడ ఆకులోంచే తలా ఒక ముద్ద తీసుకుని తిని, వాళ్ళూ నవ్వారు. ఎవరో నా చేతిలోనూ ఒక ముద్ద పెట్టారు. తిన్నాను. ఘాటుంది, కొద్దిగా చేదుంది. కనరు లేదు. ఎక్కడా లేదు. అంతకంటే రుచైన అన్నం నేను పుట్టి బుద్ధెరిగాక తినలేదంటే అతిశయోక్తి కాదు.

మరి నా సీసా ఎందుకు పాడైంది? అక్కడ నిలబడ్డ క్షణంలోనే నాకు వెలిగింది. నూనెకు గాలి తగలనివ్వొద్దు, వెలుతురు తగలనివ్వొద్దు, ఊరికే మూత తీయొద్దు అని ఊరూరా తిరిగి చెప్పే ఉద్యోగం నాది. చెప్పేవి శ్రీరంగనీతులు! గాజుసీసాను కిటికీలో పెట్టి, రోజుకు మూడుసార్లు మూత తీసి, చెయ్యి పెట్టి, దాన్ని నా ఆదుర్దాతోనే చంపుకున్నాను. వాళ్ళ డబ్బాలు మైనం వేసిన మూతతో, చీకటి అటక మీద, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. ఆ మాట పెద్దసారుకు చెబితే పగలబడి నవ్వాడు. డ్రైవర్ కూడా నవ్వాడు. నాకు ఏమాత్రం సిగ్గనిపించలేదు. అంత తేలిగ్గా ఉంది ఒళ్ళు.

నవ్వు ఆగాక పెద్దసారు ఆవిడ దగ్గరికి పోయి, గొంతుక్కూర్చున్నాడు. "ఏందమ్మా, గా దినం నా ముందల గంత ధైర్యంగ నిలవడితివి. మేడం వచ్చి మూత తియ్యమంటే తియ్యకపోతివి. నూనె మంచిగున్నదని తెలిసే కదా? మరిప్పుడేంది, గిట్ల వణుకుతున్నవ్?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన్ను, నన్ను చూసింది.

"నాకేం తెల్సు సార్? నేనూ రుచి సూడలే, వాసన సూడలే. మేడం వచ్చి ఖరాబైందంటే నిజమే అనుకున్న. గా దినం సంది అన్నం సయించలే." ఆకులో మిగిలిన మెతుకుల్ని ఒక పక్కకు చేర్చింది. "ధైర్యమెక్కడిది సార్. భయంతోటే నిలవడ్డ."

పెద్దసారు లేచి వెళ్ళి, లారీ డ్రైవర్ను ఖాళీగానే వెనక్కి పొమ్మన్నాడు. తిరిగొచ్చి, ఆ ఆడవాళ్ళ వరసలోనే నేల మీద కూర్చుని, ఆకు ముందుకు జరుపుకున్నాడు.

"నాకు గూడ రెండు ముద్దలు పెట్టమ్మా" అన్నాడు. "నూనె కొంచెం ఎక్కువెయ్యి."